అతికించిన గొంతు

9 అక్టోబరు 2009, శుక్రవారం

కరెంటు వచ్చింది. మేం ఆడవాళ్లం నడిపే ఊరి రేడియో గదిలో ట్యూబులైటు కాసేపు కొట్టుకుని వెలిగింది. కింది గది నిండా తుంగభద్ర వదిలిపోయిన బురద. పై గదికి మాత్రం నీళ్లు ఎక్కలేదు. కంప్యూటరు బతికింది, మైకులు బతికాయి, గోడ మీద మా సర్పంచ్ జములక్క రాయించిన బోర్డు కూడా బతికింది: ‘పేరు చెప్పకుండా మైకు ముట్టద్దు.’

ఊరు బతకలేదు. పుట్టిరేవులో గోడలు నిలబడ్డ ఇళ్లే తక్కువ. అందరం రోడ్డు పక్కన రేకుల షెడ్లలో ఉన్నాం. నేనూ అమ్మా ఒక షెడ్డులో, పక్క షెడ్డులో జములక్క వాడ, కింది గేరి వాళ్లు. జములక్క సర్పంచ్ అయ్యాక కూడా ఆమెను గడప దాటి లోపలికి రానివ్వని మనిషి మా అమ్మ కాంతమ్మ. ఇప్పుడు అదే గేరి వాళ్ల పొయ్యి మీద టీ కాచుకుంటోంది. జములక్క చూస్తే పొట్ట పట్టుకుని నవ్వేది.

జములక్క ఇంకా రాలేదు. పుట్టి, ఆ గుండ్రటి బుట్ట పడవ, వేసుకుని కింది గేరికి పోయింది, ఇంకా రాలేదు. పుట్టి దొరికింది, మనిషి దొరకలేదు. కాబట్టి రాలేదు అనే రాస్తాను.

10 అక్టోబరు

రాలేదు.

12 అక్టోబరు

ఏరు వచ్చిన రోజు సంగతి రాసి పడేస్తే తలలో తిరగడం ఆగుతుందేమోనని రాస్తున్నాను.

పొద్దున్నే ఏరు ఊరి మీదికి వస్తోందని తెలిసింది. జములక్క మోకాళ్ల దాకా తడిసిన చీరతో మెట్లెక్కి వచ్చి మైకు ముందు కూర్చుంది.

“నేను జములమ్మను, పుట్టిరేవు సర్పంచును. అక్కలారా, చెల్లెండ్లారా, ఇండ్లు ఇడిసిపెట్టుండ్రి. బర్ల తాళ్లు కోసుండ్రి. మూటలు కట్టుకుంట కూసోకుండ్రి. రోడ్డు మీదికి రాండ్రి.”

చెప్పి, నా వైపు తిరిగి, “సాలు, ఇగ బంద్ జెయ్ పిల్లా” అంది. ఏ రికార్డింగు అయినా చివర ఆమె అనే మాటే అది. ప్రసారానికి పెట్టే ముందు ఆ ముక్కను నేను కత్తిరిస్తాను. ఆ రోజు కూడా అంత హడావిడిలో కత్తిరించాను. అలవాటు.

“నువ్వు గిది తిప్పి తిప్పి ఏస్తుండు. కింది గేరిల ముసలోళ్లు ఇంటలేరు, నేను పోయి తోల్కొస్త” అని దిగిపోయింది.

బ్యాటరీ మీద వేస్తూనే ఉన్నాను. రేడియోలు లేనివాళ్ల కోసం మిద్దె మీద హారన్ కట్టాం కదా, దాంట్లోంచి ఆమె గొంతు ఊరంతా వినిపిస్తూనే ఉంది. మొదటిసారి పుట్టిలో తెచ్చిన ముసలివాళ్లు ఇద్దరు ఒడ్డెక్కారు. రెండోసారి వెళ్లిన పుట్టి ఎప్పుడు తిరగబడిందో ఎవరూ చూడలేదు. ఎవరూ ఆమెను వెతకనూ లేదు. గొంతు వస్తోంది కదా, సర్పంచమ్మ మిద్దె మీద భద్రంగానే ఉంది అనుకున్నారు. బ్యాటరీ అయిపోయి గొంతు ఆగినాక వార్డు మెంబరు సరోజ మొగుడు వెంకటన్న వచ్చి అడిగాడు, “సర్పంచమ్మ ఏది?” అని.

రాశాను. తలలో తిరగడం ఆగలేదు.

14 అక్టోబరు

ఈ రేడియోకు నేను చేతులు, ఆమె నోరు. నా గొంతు బొంగురు. ‘కుండలో గులకరాళ్లు వేసినట్టుంటది’ అని మా నాన్న అనేవాడు. రేడియో పెట్టినప్పటి నుంచీ నేను మైకు ముందు కూర్చోలేదు. జములక్క వదలకుండా సతాయించేది. “ఊరందరి మాట కోస్తవు, కుడతవు. నీ మాట ఎప్పుడే?” అని.

ఇవాళ పాత ‘పంచాయతి ముచ్చట’ టేపులు విన్నాను. మొదటిది సరోజది. వార్డు మెంబరుగా గెలిచి ఏడాదైనా ఆమె కుర్చీలో మొగుడు వెంకటన్నే కూర్చునేవాడు. మైకు ముందుకు వచ్చి, “నేను వెంకటన్న పెండ్లాన్ని” అంది.

జములక్క గొంతు: “వార్డు మెంబరుగ వెంకటన్న పెండ్లాం గెలిసిందా, సరోజ గెలిసిందా?”

“గదే అక్కా, సరోజనే.”

“మరి గా ముచ్చట గట్టిగ చెప్పు. నీ పేరు నీ నోట్లకెల్లి రాకుంటె నీ కుర్చీల ఇంకొకలు కూసుంటరు.”

ఆ వారమే గోడ మీద బోర్డు వెలిసింది. నెల తిరగకుండా వెంకటన్న కుర్చీ ఖాళీ చేశాడు. సరోజ ఆ తర్వాత లైన్‌మన్‌ను మైకు ముందు నిలబెట్టి వీధిలైట్ల సంగతి అడిగింది. పాపం, ఆయనకు చెమటలు పట్టాయి.

తర్వాత ఒక పని చేశాను. వార్డు సభ టేపులోంచి నా పేరు తీశాను. బడిలో మధ్యాహ్నం వంట మీద చేసిన కార్యక్రమంలోంచి ‘బువ్వ తిన్నవా’ తీశాను. రెండూ అతికించాను.

“సుహాసినీ, బువ్వ తిన్నవా?”

అతికిన చోట చిన్న గతుకు ఉంది. పైగా ఆమె నన్ను పిల్లా అనేదే కానీ పేరు పెట్టి పిలిచింది తక్కువ. అయినా ఆమె గొంతే. “తిన్న” అన్నాను పైకే. నిజానికి తినలేదు. వెళ్లి తిన్నాను. ఇందులో తప్పేముంది?

17 అక్టోబరు

దీపావళి. షెడ్లలో ఎవరూ దీపాలు పెట్టలేదు. ముక్కలు అతికించి అక్కతో ‘పండుగకు వస్త’ అనిపించాను. అనిపించి ఏడ్చాను. ఇంకెప్పుడూ చేయను.

18 అక్టోబరు

చేశాను.

20 అక్టోబరు

పిల్లలకు వాంతులు, విరేచనాలు. అలంపూర్ నుంచి నర్సమ్మ మందుల పెట్టెతో వచ్చి షెడ్ల ముందు బల్ల వేసుకుని కూర్చుంది. ఒక్కరూ కదల్లేదు. ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుని గోడకు ఆనుకుని ఎటో చూస్తున్నారు. “వాళ్లు రాకుంటె నేనేం జెయ్యాలమ్మా?” అని నర్సమ్మ నన్నడిగింది, నేనేదో ఊరి పెద్దనైనట్టు.

నేను పిలిస్తే ఎవరొస్తారు? మెట్లెక్కాను. జములక్క మాటలు ఏరాను. పశువుల షెడ్ల మీద చేసిన కార్యక్రమంలోంచి ‘షెడ్లు’, టీకాల రోజు చేసిన దాంట్లోంచి ‘డాక్టరమ్మ’, ‘పిల్లల తోల్కొని రాండ్రి’. ముందు భాగం ఎప్పటిదే: ‘నేను జములమ్మను, పుట్టిరేవు సర్పంచును.’ మా రేడియోలో పేరు లేకుండా ఏ మాటా బయటికి పోదు కదా. హారన్లో వేశాను.

అందరూ వచ్చారు. పిల్లల్ని చంకలకెత్తుకుని పరుగున వచ్చారు. మా అమ్మ కూడా వచ్చింది, ఆమెకు ఏ జబ్బూ లేదు. సరోజ మెట్ల కింద నిలబడి, “అక్క యాడుందే?” అని అరిచింది. ‘టేపు’ అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. హారన్ మోతలో ఆమెకు వినపడిందో లేదో.

పిల్లలందరికీ మందు అందింది. ఇది రాసి పెట్టుకోవాలి. పిల్లలకు మందు అందింది.

21 అక్టోబరు

నిన్న సాయంత్రం సంగతి రాయలేకపోయాను.

జములక్క భర్త యోసేపన్న వచ్చాడు. పుణెలో మేస్త్రీల దగ్గర కంకర మోసే పని. ఏడాదిలో ఏ రెండు నెలలో ఊళ్లో ఉంటాడు. ఆమె సర్పంచుగా గెలిచిన రోజు కూడా అక్కడే ఉన్నాడు. మన రేడియో ఒక్కసారి కూడా వినలేదు. ఏరు సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసిందట. దారులు తెగిపోయి రావడం ఇంకా ఆలస్యమైంది. ‘నీ పెండ్లాం ఏట్ల పోయింది’ అని ఫోనులో చెబితే ఏడుస్తూ వచ్చినవాడు, రోడ్డు మీద బస్సు దిగగానే హారన్లో భార్య గొంతు విన్నాడు.

మెట్లు ఎలా ఎక్కాడో తెలియదు. తలుపు నెట్టుకుని వచ్చి, “సుహాసినమ్మా, యాడుంది?” అన్నాడు.

ఆయన తలుపు వెనక చూశాడు. బల్ల కింద వంగి చూశాడు. ఆ వంగడం నేను మరిచిపోలేను.

“పాత టేపు అన్నా” అన్నాను.

“పాతదెట్లయితది? షెడ్లు అన్నది, డాక్టరమ్మ అన్నది. ఏరు రాకముందు షెడ్లు యాడియమ్మా? నాకు చదువు రాదు గని గంతమాత్రం తెల్వదా?”

చెప్పాల్సింది ఒక్కటే ఉంది, అది నోటి దాకా రాలేదు.

“కర్నూలు దవాఖానల ఉందా? ఫోన్ల మాట్లాడిందా? ఎవలన్న చెప్పద్దన్నరా?” అని ఆయనే అడిగాడు, ఆయనే కళ్లు తుడుచుకున్నాడు. “కర్నూల్లనే ఉంటది. గాడికే శానామందిని తీస్కపోయిండ్రంట.”

నేను తల ఊపలేదు. ఊపినట్టు ఆయనకు కనిపించి ఉండాలి. పొద్దున్న మొదటి లారీ పట్టుకుని కర్నూలు పోయాడు.

27 అక్టోబరు

“జములమ్మ కర్నూలు దవాఖానల ఉందంట గదనే? కాలిరిగిందంట” అంది అమ్మ, అన్నం పెడుతూ.

ఎవరన్నారని అడిగాను.

“నువ్వే యోసేపుకు చెప్పినవంట. నన్నడుగుతవేంది?”

షెడ్లన్నీ ఇదే మాట. సరోజ నిమ్మకాయ పచ్చడి సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. “అక్కకు పంపుతవ గద. జర యాది మర్వకు.” సీసా రేడియో గదిలో కిటికీ దగ్గర ఉంది. దాని వైపు చూడకుండా పనిచేస్తున్నాను.

అక్క గొంతు విన్నాను. ‘నేను మంచిగున్న’ అంటోంది. నేను అనిపించిందే. అయినా మనసుకు కొంచెం కుదురుగా అనిపించింది.

3 నవంబరు

ఉపసర్పంచ్ కురుమూర్తి మామ మొదటిసారి రేడియో గదికి వచ్చాడు. ఇన్నాళ్లూ దీన్ని ‘ఆడోళ్ల డబ్బా’ అనేవాడు. వరుసకు మామ, మాటకు తేనె. జములక్క లేనన్నాళ్లూ పంచాయతీ బాధ్యత ఆయనదే.

“కోడలా, ఎల్లుండి గ్రామసభ. కొత్త ఊరు యాడ కట్టాల్నో తేల్చాలె. జర జములమ్మ గొంతుతోని పిలువు. నేను పిలిస్తె మా ఇంట్ల కుక్క గూడ లేవదు.”

నవ్వాను. అక్క సభకు పిలిచిన టేపులు ఎన్నో ఉన్నాయి. వారం పేరు మారిస్తే చాలు. అదేమంత పెద్ద అతుకు కాదు.

రెండు జాగాలు చూశారట. ఒకటి వాగు పక్క చౌడు. అది కురుమూర్తి మామ బావమరిది భూమి, సర్కారు కొని ఇస్తుందట. వానాకాలంలో అక్కడికి వాగు నీళ్లు వస్తాయి. మా చిన్నప్పుడు చేపలు పట్టింది అక్కడే. రెండోది రోడ్డు అవతల గట్టు. ఎత్తయిన రాళ్ల నేల. సర్కారుదే. ఎంత ఏరు వచ్చినా అక్కడికి నీళ్లు రావు.

5 నవంబరు

సభకు ఆడవాళ్లందరూ వచ్చారు. ముందు వరుసలో చాప మీద ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. ఎవరి కోసమో ఎవరూ చెప్పలేదు.

మండల ఆఫీసు నుంచి వచ్చినాయన రెండు జాగాల సంగతి చెప్పి, “ఏమ్మా, మీరేమంటరు?” అని అడిగాడు.

ఒక్క గొంతు లేవలేదు. లైన్‌మన్‌కు చెమటలు పట్టించిన సరోజ నేల వైపు చూస్తూ కూర్చుంది. ఆయన మళ్లీ అడిగితే, “సర్పంచమ్మ వచ్చినంక చెప్తం సారు” అంది. పక్కామె కూడా అదే మాట, ఆ పక్కామె కూడా అదే. “ఆమె ఎట్లంటె గట్లనే.” “ఆమెనే పిలిసింది, ఆమెనే వస్తది.”

సరోజ మీద కోపం వచ్చింది. ఇన్నేళ్లు జములక్క నేర్పింది దీనికా? అని తిట్టుకుంటూ రేడియో గది మెట్లెక్కాను. ఎక్కాక తెలిసింది, ఆమె నోరు మూసింది నేనే. జములక్క గొంతు హారన్లోంచి వస్తుంటే ఎవరైనా ఎందుకు నోరు తెరుస్తారు?

సభ పదిహేడుకు వాయిదా.

7 నవంబరు

కురుమూర్తి మామ మళ్లీ వచ్చాడు. ఈసారి తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాడు.

“జములమ్మ చెప్తెనే ఇంటమంటుండ్రు గద. చెప్పిద్దాం. ‘వాగు పక్క జాగ మంచిది.’ గంతే. ఎక్కువొద్దు.”

“ఆమె గట్ల అనలేదు మామా.”

“షెడ్లు అన్నదా? డాక్టరమ్మ అన్నదా? సిన్మాలల్ల డబ్బింగు నాకు తెల్వదనుకున్నవా కోడలా?”

“ఆడికి నీళ్లొస్తయి. పిల్లలు, ముసలోళ్లు...”

“కట్ట పోపిస్తం లే.” టీ గ్లాసు కింద పెట్టాడు. గొంతు పెంచలేదు. “యోసేపు కర్నూల్ల దవాఖానల పొంటి పిచ్చోని లెక్క తిరుగుతుండంట. ఎవలు తిప్పుతుండ్రో ఊరికి తెలిస్తె నువ్వు, మీయమ్మ యాడ తలకాయ దాస్కుంటరు? నీ మంచికే చెప్తున్న బిడ్డా.”

వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గరి పచ్చడి సీసా చూసి, “మంచిగూరింది” అన్నాడు.

10 నవంబరు

ఊరికే అవుతుందో లేదో చూద్దామని చేశాను. వేయడానికి కాదు.

చెక్‌డ్యాం కార్యక్రమంలో ‘వాగు పక్క’ ఉంది. శ్మశానం స్థలం గురించి మాట్లాడిన దాంట్లో ‘జాగ’ ఉంది. ‘మంచిది’ ఎన్నిచోట్ల ఉందో లెక్కే లేదు, ఎవరేం చెప్పినా మంచిది అనే మనిషి.

“వాగు పక్క జాగ మంచిది.”

ఇన్నాళ్లూ నేను చేసిన ప్రతి దాంట్లో ఎక్కడో ఒక గతుకు ఉంది. దీంట్లో లేదు. చివర ఆమె నవ్వు కూడా సన్నగా అంటుకుని వచ్చింది. ఆమె నా ఎదుట కూర్చుని, నవ్వుతూ, పిల్లల్ని మళ్లీ ఏట్లోకి పొమ్మని చెబుతున్నట్టుంది. హెడ్‌ఫోన్లు తీసి విసిరేశాను.

తర్వాత పాత టేపు వేశాను, మనసు తేరుకుందామని. సరోజది, మొదటిది. ‘గా ముచ్చట గట్టిగ చెప్పు.’ అది కూడా అతికించిన దానిలా వినిపించింది. ఇంకోటి వేశాను. అదీ అంతే. ఆమె నిజంగా ఎలా మాట్లాడేదో కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంటే నేను చేసిన ముక్కలే వస్తున్నాయి. ‘సుహాసినీ, బువ్వ తిన్నవా?’ ఆమె ఆ మాట నాతో ఎప్పుడైనా అందా? ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు.

భయమేస్తోంది. ఏరు మనిషిని తీసుకుపోయింది. మిగిలిన గొంతును నేను చెడగొట్టాను.

11 నవంబరు

అది చెరిపేశాను.

12 నవంబరు

చెరపలేదు. రేపు.

14 నవంబరు

యోసేపన్న వచ్చాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడుకే తెలిసింది, ఈసారి పరుగు లేదు. గడ్డం పెరిగింది, చెప్పులు లేవు. తలుపు దగ్గరే కింద కూర్చున్నాడు. కుర్చీ జరిపితే వద్దన్నాడు.

“దవాఖానలన్ని తిరిగిన. బడి గదులల్ల ఉన్నోళ్ల జూసిన. శవాల గదికి గూడ పోయిన. ఎవలెవల చీరలో చూపిచ్చిండ్రు.” కాళ్లు ముడుచుకున్నాడు. “పెండ్లయి ఇరవై ఏండ్లు. అండ్ల నేను ఇంట్ల ఉన్నది ఎంతమ్మా? ఫోన్ల మాట్లాడితె పైసలు అయితయని ‘మంచిగున్నవా, మంచిగున్న’ అని పెట్టేస్తుంటిమి. ఆమె మాట నాకంటె నీకే ఎక్కువ తెల్సు. నువ్వు చెప్పు. గా హారన్ల మాట్లాడింది ఆమేనా?”

“గొంతు ఆమెదన్నా” అన్నాను. “మాట నాది. నేను కోసి అతికిచ్చిన.”

ఆయన హారన్ తీగ వైపు చూశాడు. కొట్టినా బాగుండేది.

“మరి ఆమె?”

ఈ పుస్తకంలో నేను ఇప్పటిదాకా రాయని మాట ఆయన మొహం మీద చెప్పాల్సి వచ్చింది.

“సచ్చిపోయిందన్నా. ఆ రోజే. ఏట్ల.”

యోసేపన్న తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. కిందనుంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. చాలాసేపటికి లేచాడు. కర్నూలు తిరిగిన ఖర్చు గురించి కానీ, తిరిగిన రోజుల గురించి కానీ ఒక్క ముక్క అనలేదు.

“ఊరికి చెప్పు. నేను చెప్తె మొగుడు పిచ్చిలేసి ఒర్రుతుండు అంటరు. నువ్వే చెప్పు, నీ నోటితోని.”

జములక్క చచ్చిపోయింది. ఇదిగో, రాశాను.

16 నవంబరు

పొద్దున్నే కురుమూర్తి మామ కబురు పంపాడు, ‘తయారేనా’ అని. తయారే అని చెప్పి పంపాను.

సాయంత్రం మైకు ముందు కూర్చున్నాను. బల్లకు ఇటువైపు కూర్చోవడం ఇదే మొదలు. పక్కకు ఒరిగిన మైకును సరిచేశాను. టేపు లేదు, కత్తిరించడానికి వీలు లేదు. గోడ మీది బోర్డు ఎదురుగా ఉంది.

“నేను సుహాసినిని. కాంతమ్మ బిడ్డను. రేడియోల మిషిని నడిపేది నేనే. జములమ్మక్క సచ్చిపోయింది. ఏరు వచ్చిన నాడే సచ్చిపోయింది. కర్నూల్ల లేదు. యాడ లేదు. ఆనాటి సంది హారన్ల మీరు ఇన్న మాటలు నేను కోసి అతికిచ్చినయి. రేపు గ్రామసభ. పిలుస్తున్నది ఆమె గాదు, నేను. వాగు పక్క జాగ గురించి ఆమె ఏం చెప్పలేదు. ఇగ చెప్పదు. మీరే చెప్పాలె.”

మైకు ఆపేశాను.

మెట్ల మీద దబదబ అడుగులు. సరోజ. వస్తూనే చెంప మీద కొట్టింది. “నా పచ్చడి పంపుతనని తీస్కుంటివి గదనే!” అంది. మళ్లీ కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేతితోనే మొహం కప్పుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇన్నాళ్లకు ఇద్దరం ఏడవాల్సిన ఏడుపు ఏడ్చాం. తర్వాత ఆమె సీసా తీసుకుని, నాతో మాట్లాడకుండా దిగిపోయింది.

షెడ్డుకు వెళితే అమ్మ అన్నం పెట్టింది. చారు పోసింది. చివరికి, “నీ గొంతు నిజంగనే బొంగురు” అంది. “గని ఆ కొస షెడ్డు దాంక సాఫ్ ఇనొచ్చింది.”

17 నవంబరు

కిందటిసారి కంటే తక్కువమంది వచ్చారు. కొందరు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఒక ముసలామె ఉమ్మింది. నా మీద కాదు, నా పక్కన. చాప మీద ఈసారి ఎవరూ చోటు వదల్లేదు.

కురుమూర్తి మామ లేచి, “సచ్చిపోయిన మనిషితోని ఆటలాడిన పిల్ల మాట మీరు ఇంటరా?” అని మొదలుపెట్టాడు. అందులో అబద్ధం లేదు కాబట్టి తల వంచుకున్నాను. వాగు పక్క జాగ గురించి ఆయన బాగానే చెప్పాడు. చదును నేల, పునాదులకు ఖర్చు తక్కువ, కట్ట వస్తుంది అని. మండలం ఆయన, “ఏమ్మా?” అన్నాడు.

మళ్లీ అదే మౌనం. ఈ ఊరు మళ్లీ నీళ్లలోకి పోతుంది అనుకున్నాను.

సరోజ లేచింది. నా వైపు చూడలేదు. సభను రికార్డు చేయడానికి నా ఒళ్లో పెట్టుకున్న మైకు లాక్కుంది.

“నేను సరోజను. మూడో వార్డు మెంబరును. సారు, ఆ చౌడుల మేం చేపలు పట్టినం. చేపలు తిరిగిన కాడ నా పిల్లల పండబెట్టను. గట్టు మీద రాళ్లున్నయా, ఉండనీ. రాళ్లను మేమే ఏరుతం. మాకు గట్టు మీదనే ఇయ్యుండ్రి.”

వెంకటన్న ఏదో అనబోయాడు. “నీ వంతు వస్తది, కూసో” అంది ఆమె. జనం నవ్వారు. ఎన్నాళ్లకో విన్న నవ్వు.

ఆ తర్వాత మైకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయింది. లేచిన ప్రతి మనిషీ ముందు తన పేరు చెప్పింది, తర్వాతే మాట చెప్పింది. ఎవరూ చెప్పమనలేదు. కింది గేరి వాళ్లు చెప్పారు, మీది గేరి వాళ్లు చెప్పారు. మా అమ్మ లేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. “నేను కాంతమ్మను. నాకు నీళ్లు రాని జాగ గావాలె. పక్కింట్ల ఎవలుంటె ఏంది? గట్టే.”

చేతులు ఎత్తమన్నారు. గట్టుకే ఎక్కువ లేచాయి. కురుమూర్తి మామ నా వైపు ఒక చూపు చూసి, “మీ ఇష్టం” అని తువ్వాలు దులుపుకుని పోయాడు. ఆయన ఇంతటితో ఊరుకుంటాడని నేననుకోను.

సరోజ ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

20 నవంబరు

మనిషి దొరకలేదు కాబట్టి ఆమె చీర పెట్టి సమాధి చేశారు. పాస్టరు ప్రార్థన చేశాడు. కింది గేరి ఆడవాళ్లు అక్క పేరున్న దేవత, గద్వాల జములమ్మ గుడి నుంచి తెచ్చిన పసుపు మట్టి మీద చల్లారు. యోసేపన్న వద్దనలేదు. “నేను చర్చికి పోతుంటి, ఆమె గుడికి పోతుండె. ఎప్పుడు కొట్లాడలేదు” అన్నాడు.

తర్వాత ఒంటరిగా మెట్లెక్కి వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు, జములక్క కూర్చునే దాంట్లోనే.

“నువ్వు అతికిచ్చినయి తీసెయ్” అన్నాడు.

ఆయన చూస్తుండగా ఒక్కొక్కటే చెరిపేశాను. షెడ్లు, డాక్టరమ్మ. పండుగకు వస్త. నేను మంచిగున్న. వాగు పక్క జాగ. ‘సుహాసినీ, బువ్వ తిన్నవా’ దగ్గర చెయ్యి ఆగింది. ఆయన తొందరపెట్టలేదు. అదీ చెరిపేశాను.

“ఇగ నువ్వు కొయ్యంది ఒకటి వినిపియ్యి బిడ్డా. నేను ఆమె మాట ఇననే లేదు. సర్పంచు అయినంక ఎట్ల మాట్లాడుతుండెనో నాకు తెల్వదు.”

కోయనిది ఒక్కటీ ఉండదని చెప్పబోయి ఆగాను. ఏరు వచ్చిన రోజు మొదట రికార్డు చేసింది అలాగే ఉంది. ఆ రోజు కత్తిరించింది దాని నకలును. అసలును మళ్లీ నేను ముట్టలేదు, ధైర్యం లేక.

వేశాను.

మొదట మెట్ల మీద అడుగులు. ఆయాసపు ఊపిరి. తడి చీర పిండితే నేల మీద నీళ్లు పడిన చప్పుడు. “గిది తిరుగుతుందా?” అని ఆమె. “తిరుగుతుందక్కా” అని నేను. కుర్చీ జరిగింది. ఒకసారి దగ్గింది.

“నేను జములమ్మను, పుట్టిరేవు సర్పంచును...”

యోసేపన్న ముందుకు వంగి విన్నాడు. ఆమె మాట పెరిగేకొద్దీ ఆయన పెదవులు కదులుతున్నాయి. “బర్ల తాళ్లు కోసుండ్రి” దగ్గర చిన్నగా నవ్వాడు. “గట్లనే అంటది. నన్ను గూడ గట్లనే గద్దాయిస్తుండె.” నాకూ ఆమె గుర్తొచ్చింది. ముక్కలుగా కాదు, మొత్తం మనిషి.

“రోడ్డు మీదికి రాండ్రి” అయిపోయింది. కాసేపు ఏమీ లేదు, దూరంగా ఏరు హోరు తప్ప. ఆయన నా వైపు చూశాడు, అయిపోయిందా అన్నట్టు. ఉండమని చెయ్యి చూపించాను. తర్వాత వచ్చేది నాకు తెలుసు. ఇన్నేళ్లూ నేను ఎవరికీ వినిపించకుండా కోసి పారేసింది అదే.

“సాలు, ఇగ బంద్ జెయ్ పిల్లా.”

బంద్ చేశాను.